కొలనంతా ఒక్కరిదేనా?

పెరట్లో చిన్న కొలను తవ్వించుకున్నవాళ్లలో కొందరికి ఎప్పుడో ఒకప్పుడు విక్టోరియా కలువ మీద మనసు పోతుంది. అమెజాన్ నది వైపు పుట్టిన మొక్క. అంచులు పైకి మడిచిన పెద్ద పళ్లెంలాంటి ఆకు. రెండు మీటర్ల వెడల్పు దానికో లెక్క కాదు. పువ్వు రాత్రిపూట విచ్చుకుంటుంది. మొదటి రాత్రి తెలుపు, రెండో రాత్రి గులాబిరంగు. రెండు రాత్రుల ముచ్చట!

ఇంగ్లండులోని చాట్స్‌వర్త్ తోటలో జోసెఫ్ పాక్స్‌టన్ దీన్ని 1849 నవంబరులో పూయించాడు. మొక్క పెరిగేకొద్దీ తొట్టి పెద్దది చేశాడు. తర్వాత దానికోసమే అద్దాల యిల్లు కట్టించాడు. తన చిన్నకూతుర్ని ఆకు మీద నిలబెడితే ఆకు మునగలేదట. ఆ బలమంతా ఆకు అడుగున వున్న లావుపాటి ఈనెలది. వాటి నిండా ముళ్లు.

ఈ కథ విన్నవాళ్లకి ఆకు మీద పాప కనిపిస్తుంది. నాకేమో ఆకు కింద నీళ్ల మీదికి ధ్యాస పోతుంది. అక్కడికి ఎండ దిగదు. చిన్న కలువలు, నీటిమొక్కలు వెలుతురు లేక నీరసించి పోతాయి. వాటినెవరూ పీకలేదు, తిట్టలేదు. పక్కన పెద్దది పెరిగింది, అంతే.

మన యిళ్లలోనూ యింతే కదండీ! తెలివైన కొడుకు చదువుకి ముందుగది, కొత్త టేబుల్ లైటు. వాడికి పరీక్షలంటే యింటిల్లిపాదీ గుసగుసలే. అదే యింట్లో పాట నేర్చుకుంటున్న ఆడపిల్ల గొంతు ఎప్పుడాగిందో ఎవరికీ గుర్తుండదు. "నిన్నెవరు మానమన్నారే?" అంటాం. నిజమే, ఎవరూ అనలేదు.

మరి తప్పెవరిది? కలువదంటే అన్యాయం. పెరగడం దాని ధర్మం. కొలను చిన్నదని దానికేం తెలుసు? తెలియాల్సింది పెంచేవాళ్లకి. అడిగినవాళ్లకి అడిగినంతా యివ్వడమే ప్రేమయితే, అడగడం చేతకానివాళ్లకి మిగిలేదేమిటి?

తోటమాలులు ముదిరిన ఆకుల్ని ఎప్పటికప్పుడు కోసేస్తూ వుంటారు. మొక్క చావదు, కొత్త ఆకులు వేస్తూనే వుంటుంది. ఒక ఆకు తగ్గినందువల్ల పెద్ద కలువ గొప్పతనం తరిగిపోదు. ఆ ఖాళీలో పడిన ఎండ యింకో మొక్కకి ప్రాణం. కత్తెర పట్టుకోవడం కూడా పెంపకంలో భాగమే.

మన కొలనులో ఎండ ఎవరికి అందుతోందో, ఎవరికి అందడంలేదో, యీ పూట కాస్త వంగి చూద్దామా?