నేను నిద్రపోలేదు

మా క్లైడ్ నార్త్‌లో చలికాలపు ఆదివారం రాత్రులు చాలా తెలుగు ఇళ్లలో ఒకటే తంతు. ఇక్కడ 9 కొట్టేసరికి గుంటూరులో సాయంత్రం నాలుగున్నర. పెద్దవాళ్లు మధ్యాహ్నపు కునుకు తీసి, కాఫీ తాగి, మన ఫోను కోసం కూర్చుంటారు. వారం వారం అవే ప్రశ్నలు, అవే జవాబులు.

ఈ మధ్య అటువంటి ఒక రాత్రి మిత్రుల ఇంట భోజనాలయ్యాక, 12వ తరగతి చదువుతున్న వాళ్లమ్మాయి నా దగ్గర కూర్చుని ఒక సంగతి చెప్పింది. 13 ఏళ్ల వయసులో నాయనమ్మతో మాట్లాడాలంటే సిగ్గుగా ఉండేదట. తన వంకర తెలుగు విని ఆవిడ మురిసి నవ్వితే, ఈ పిల్లకు వెక్కిరింపులా తోచేది. ఫోను చేసే వేళకు వద్దని చెయ్యి ఊపేది. తల్లి "పడుకుందండీ అత్తయ్యగారూ" అనేది. అలా రెండేళ్లు గడిచాయి. ఆ పైన నాయనమ్మ పోయింది.

"నేను నిద్రపోలేదు అంకుల్. మేలుకునే ఉన్నాను" అంది.

"చిన్నతనం కదమ్మా, వదిలెయ్యి" అన్నాను. తల్లి వంటింట్లోంచి "ఇప్పుడవన్నీ ఎందుకే, పరీక్షలు చూసుకో" అంది. (ఆ అబద్ధం పలికింది ఆవిడే గదా, తొందర ఉండదూ!) పిల్ల మాట్లాడకుండా లేచి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక నా జవాబు నాకే నచ్చలేదు. నిన్ను నువ్వు ఒప్పుకో అని ఈ దేశంలో పిల్లలకు తరచు చెబుతారు. మంచి మాటే. అయితే మన తెలుగులో ఒప్పుకోవడం అన్న మాటకు రెండు పనులున్నాయి. తప్పు చేశానని ఒప్పుకుంటాం, మనిషిని తనవాడుగా ఒప్పుకుంటాం. ఆ రెండూ ఒకే మాటలో ఇమడడం ఊరికే జరిగింది కాదనిపిస్తుంది. చేసిన పనిని తనది కాదన్నవాడు, చేసిన తనను ఎలా ఒప్పుకోగలడు? "చిన్నతనం" అని నేను చేసింది, దయ పేరుతో ఆ 13 ఏళ్ల పిల్లను ఈ పిల్ల నుంచి విడదీయడమే.

గాంధీగారి ఆత్మకథలో ఇటువంటివి రెండు ఘట్టాలున్నాయి. 15వ ఏట అన్నగారి అప్పు తీర్చడానికి ఆ అన్న కడియంలోని బంగారపు ముక్కే దొంగిలించి, తరువాత తండ్రికి చీటీ రాసి, తగిన శిక్ష విధించమని ఇచ్చాడు. జబ్బుగా ఉన్న ఆ తండ్రి చదివి, కన్నీరు కార్చి, చీటీని చింపేశాడు. ఇది మనందరికీ ఇష్టమైన కథ. రెండోది అంతగా చెప్పుకోం. 1885లో తండ్రి చివరి రాత్రి కాళ్లు పిసుకుతున్నవాడు, పినతండ్రి వచ్చి కూర్చోగానే భార్య గదికి వెళ్లాడు. కొద్ది నిమిషాలకే తలుపు తట్టారు. తండ్రి పోయాడు. ఈసారి చీటీ అందుకునే చెయ్యి లేదు. 1925లో ఆత్మకథ మొదలుపెట్టి, ఆ మచ్చను తాను ఎన్నడూ చెరపలేకపోయానని అందులో రాసుకున్నాడు. నలభై ఏళ్లు గడిచాక కూడా చిన్నతనం అనలేదు. అలాగని ఆ మచ్చే తానని కూలబడిపోనూ లేదు.

మనుస్మృతితో నాకు పేచీలు చాలా ఉన్నాయి గాని, 11వ అధ్యాయంలో పాపం వదిలే దారులు చెబుతూ ముందుగా ఖ్యాపనాన్నే, అంటే చేసినది నోరు విప్పి చెప్పడాన్నే పేర్కొన్నారు. అనుతాపం ఆ తరువాతది. చెప్పేవాడొకడుంటే వినేవాడొకడుండాలి. ఆ రాత్రి ఆ పని నాకు వచ్చింది, నేను చెయ్యలేదు.

మర్నాటి వారం వెళ్లి, "మేలుకునే ఉన్నావన్నావు, తక్కినది చెప్పమ్మా" అని అడిగాను. గంటసేపు చెప్పింది. కొంత తెలుగు, ఎక్కువ ఇంగ్లీషు. తల్లి వచ్చి పక్కన కూర్చుంది గాని ఈసారి అడ్డు రాలేదు. "నేను కూడా అన్నాను గదే, పడుకుందని" అంది చివరకు, చీర కొంగు సర్దుకుంటూ.

ఆ ఆదివారం రాత్రి పిల్ల తనంతట తానే గుంటూరులో ఉన్న తాతయ్యకు ఫోను చేసి, ఉన్నదున్నట్లు చెప్పిందట. ఆయన కొంచెంసేపు ఊరుకుని, "మాకు తెలుసులేవే. వెనకాల నీ గొంతు వినబడుతూనే ఉండేది" అన్నాడట. "ఆవిడకు కష్టంగానే ఉండేది" అని కూడా అన్నాడట. తరువాత పరీక్షలెప్పుడని అడిగాడు.