ఎవరిని కాపాడాలి?



ఆస్ట్రేలియాకు దక్షిణాన టాస్మేనియా అనే పెద్ద దీవి ఉంది. దాని తూర్పు తీరానికి దగ్గరగా మరియా అనే చిన్న దీవి ఉంది. పేరు వినగానే అది మరియతల్లి పేరే అనుకున్నాను. కాదట. 1642లో అటుగా వెళ్లిన డచ్చి నావికుడు ఏబెల్ టాస్మన్, తనను పంపిన గవర్నర్ జనరల్ వాన్ డీమన్ గారి భార్య పేరు ఆ దీవికి పెట్టాడు. అంతకు ఎంతో ముందు నుంచి అక్కడ తిరిగిన ఆదివాసులకు తాము పెట్టుకున్న పేరు ఉండనే ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు.

మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా అక్క కొడుకు నన్ను అక్కడికి తీసుకువెళ్లాడు. ట్రయబున్నా అనే ఊరి రేవులో పడవ ఎక్కితే గంటలోపే చేరతాం. దీవి మొత్తం 1972 నుంచి జాతీయ పార్కు. సందర్శకుల కార్లు రానివ్వరు, దుకాణాలు లేవు, అన్నం నీళ్లు మనమే మోసుకుపోవాలి. డార్లింగ్టన్ అనే పాత స్థావరం నుంచి రంగురాళ్ల కొండచరియల దాకా సముద్రం పక్కనే నడవాలి. పోనూ రానూ రెండు గంటలు. నావంటి మోకాళ్ల నొప్పుల మనిషికి కూడా కష్టం కాదు. ఇనుము కలిసిన నీరు ఇసుకరాతిలో ఇంకి ఇంకి ఎరుపు, పసుపు చారలు తేరిన ఆ చరియలు కంటికి పండుగే. దారిలో వాంబాట్ అనే పొట్టి కాళ్ల జంతువులు మనల్ని లెక్కచేయకుండా గడ్డి మేస్తుంటాయి. వాటి పెంట నలుపలకల దిమ్మెల్లా ఉంటుంది. నమ్మలేదు గాని, వంగి చూశాను.

డార్లింగ్టన్ కట్టడాలు ఖైదీలవి. బ్రిటిషు ప్రభుత్వం 1825 నుంచి 1832 వరకు, మళ్లీ 1842 నుంచి 1850 వరకు ఇక్కడ నేరస్థులను ఉంచింది. 2010లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ మావోరీ భాషలో చెక్కిన ఒక సమాధి రాయి ఉంది. హోహెపా తే ఉమురోవా అనే మావోరీ మనిషిది. 1846లో తిరుగుబాటు నేరం మోపి, న్యూజిలాండ్ నుంచి మరి నలుగురితో పాటు సముద్రం దాటించారు. 1847లో క్షయతో ఇక్కడే కన్నుమూశాడు. మిగిలిన నలుగురిని 1848లో ఇంటికి పంపారు. ఆయన అస్థికలు సొంత నేల చేరడానికి 1988 దాకా పట్టింది.

ఇలా మనుషులను తెచ్చి పెట్టిన దీవికి తర్వాత జంతువులను తేవడం మొదలుపెట్టారు. వేరేచోట్ల తగ్గిపోతున్న కంగారూలు మొదలైనవాటిని 1960ల చివరి నుంచి ఇక్కడ వదిలారు. ఒకవిధంగా నోవా ఓడ. ఆ వరుసలో ఆఖరుగా వచ్చిన జీవి వల్లనే ఈ వ్యాసం రాస్తున్నాను.

టాస్మేనియన్ డెవిల్ అని దాని పేరు. రాత్రిపూట అది అరిచే అరుపు విని తెల్లవాళ్లు దయ్యమని పిలిచారు. నిజానికి చిన్న కుక్కంత జంతువు, పాపం. 1996లో వీటి మొహాల మీద కంతులు కనిపించాయి. ఒకటి మరొకదాన్ని కరిస్తే అంటుకునే కేన్సరు అది. కంతి నోటిని మూసేస్తే తిండి లేక నెలల్లో చచ్చిపోతాయి. చాలాచోట్ల 80 శాతం వరకు పోయాయి. జాతే మిగలదేమోనన్న భయంతో, 2012లోనూ 2013లోనూ, జబ్బు లేని 28 డెవిల్స్‌ను మరియా దీవిలో వదిలారు. అవి బతికాయి, పిల్లల్ని పెట్టాయి, వంద దాకా పెరిగాయి. అనుకున్న పని నెరవేరింది.

అయితే ఆ దీవిలో అంతకుముందే చిన్న పెంగ్విన్లు ఉండేవి. కిలో బరువు పక్షి. పగలంతా సముద్రంలో వేటాడి, చీకటి పడ్డాక ఒడ్డెక్కి బొరియల్లో పిల్లలకు మేత పెడుతుంది. 2012లో అవి 3000 జతలు. 2021 నాటికి అక్కడ గూడు కట్టే జత ఒక్కటీ లేదని పక్షి పరిశీలకులు ప్రకటించారు. డెవిల్స్ తినేశాయి. పక్షులకు చేటు జరగవచ్చని ముందే హెచ్చరిక ఉంది. తెలిసే చేశారు.

చరియల దగ్గర కూర్చుని ఇదంతా చెప్పి, మా మేనల్లుడు అన్నాడు: "పెంగ్విన్లు వేరే దీవుల్లో వేలకు వేలున్నాయి మావయ్యా. ఇక్కడ పోయినా జాతి పోదు. డెవిల్ పోతే ఇక లోకంలోనే లేదు."

లెక్క తప్పని చెప్పలేను. 1936లో హోబర్ట్ జంతుశాలలో ఆఖరి టాస్మేనియా పులి చచ్చిపోయింది. అది ఆ దేశం మరచిపోలేని దెబ్బ. మరోసారి చేతులు కట్టుకుని చూడలేకపోయారు. మన నీతిశాస్త్రం చదివినవారికి ఒక పాత సూత్రం గుర్తుకొస్తుంది. దాని మూలం అక్వినాసు తోమాసుగారి దగ్గర ఉందంటారు. ఒకే పనికి మంచి ఫలితమూ చెడు ఫలితమూ ఉన్నప్పుడు, మంచినే ఉద్దేశించి, చెడును సాధనంగా వాడకుండా, ఆ మంచి చెడుకు తగినంత పెద్దదైతే, ఆ పని చేయవచ్చు. డెవిల్స్ బతకడానికి పెంగ్విన్లే కావాలని లేదు, దీవిలో వేరే ఆహారం ఉంది. కాబట్టి సూత్రం ప్రకారం పని నిలబడుతుంది.

కాని నాకు ఆ వాదన అంతకుముందే ఎక్కడో విన్నట్టుంది. ఎక్కడంటే మా ఇంట్లో. నాన్నగారికి ఇద్దరిని చదివించే శక్తి లేదు. అక్క నాకంటే బాగా చదివేది. ఎనిమిదో తరగతిలో మాన్పించారు. "ఆడపిల్ల, వేరే ఇంట్లో ఎలాగూ బతుకుతుంది. వీడికి చదువు లేకపోతే దారి లేదు" అన్నారు. ఆయన దుర్మార్గుడు కాదు. ఉన్న డబ్బుకు అదే లెక్క. ఆ లెక్క వల్లే నేను ఇలా పత్రికకు రాస్తున్నాను. అక్క మాత్రం ఇంటికొచ్చే పత్రికను ఆఖరు పేజీ దాకా చదివి, మడిచి దాచుకుంటుంది.

సూత్రం పని చేయవచ్చా లేదా అనే వరకే చెబుతుంది. చేశాక నష్టపోయినవారికి మనం ఏమవుతామో చెప్పదు. సమర్థన దొరికింది గదా అని మనం చేసే పొరపాటు ఇక్కడే అనుకుంటాను. "వేరేచోట వేలున్నాయి" అన్న మాట జాతికి సరిపోతుంది. ఆ రాత్రి ఒడ్డెక్కి బొరియకు వచ్చిన పక్షికి సరిపోదు. "వేరే ఇంట్లో బతుకుతుంది" అన్న మాట నాన్నగారికి సరిపోయింది. అక్కకు సరిపోయిందో లేదో మేమెవరం అడగలేదు, మొన్నటి దాకా నేను కూడా.

తిరుగు పడవలో మేనల్లుడికి ఈ సంగతి చెప్పాను. వాడికి వాళ్లమ్మ చదువు మాన్పించిన కథ తెలియదు. చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రే అక్కకు ఫోన్ చేశాను. దీవి ఎలా ఉంది, అన్నం ఎక్కడ తిన్నారు అని అడిగింది. పెంగ్విన్ల సంగతి చెప్పి, అది చెబుతూనే అసలు అడగాలనుకున్నదీ అడిగేశాను. "ఇప్పుడెందుకురా అవన్నీ" అంది మొదట. తర్వాత, లెక్కల్లో తనకు నూటికి తొంభై ఆరు వచ్చేవని, ఆ పుస్తకాలు కిరాణా కొట్టువాడికి పొట్లాలకు ఇచ్చేసిన రోజున నేను పక్కనే నిలబడి చూశానని చెప్పింది. నాకు గుర్తు లేదు.