మెడ విరిగినవాడి పట్ల ధర్మం

మెడకు దెబ్బ తగిలి పడినవాడిని ముట్టుకోవచ్చా అన్నది పైకి వైద్యప్రశ్న, లోపల ధర్మప్రశ్న. పడినవాడిని లేపి కూర్చోబెట్టి నీళ్లు పట్టడమే దయ అని లోకం ఎరుగుతుంది. అయితే మెడలోని ఏడు ఎముకల మధ్యగా వెన్నుపాము దిగుతుంది. ఊపిరి ఆడించే ప్రధాన కండరానికి నరాలు వచ్చేదీ అక్కడి నుంచే. విరిగిన ఎముక కదిలితే, లేపిన చేయే కాళ్లూ చేతులూ పడిపోవడానికో, ఊపిరి ఆగడానికో కారణం కావచ్చు.

మంచి మనసుతో చేసిన హాని దోషమా? 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 134ఎ సెక్షన్, రోడ్డు ప్రమాదంలో సద్బుద్ధితో ఆదుకున్నవాడిని కేసుల నుంచి కాపాడుతుంది. చట్టానికి అది చాలు. ధర్మవిచారం ఇంకో అడుగు వేస్తుంది: తెలియక చేసినదానికి క్షమ ఉంది, తెలుసుకునే వీలుండీ వదిలేసినదానికి అంత సులువుగా లేదు.

అకర్మలోనూ కర్మ ఉంటుందన్న గీత నాలుగో అధ్యాయపు విచారం ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. పడినవాడి తలను రెండు చేతులా పట్టుకొని కదలనివ్వకుండా కూర్చున్నవాడు ఏమీ చేయనట్టే కనిపిస్తాడు. అసలు పని అతనిదే. మెడపట్టీ లేదని బెంగ అక్కర్లేదు. ప్రథమ చికిత్స చేసేవారు దాన్ని మామూలుగా వాడవద్దనే 2015 అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి.

కదపకూడదన్న నియమం కూడా పరమం కాదు. ప్రాణం మెడకంటే ముందు. ఊపిరి అడ్డుపడితే మెడ వంచకుండా కింది దవడను ముందుకు నెట్టాలి. వాంతి అయితే ఒకరు తలను, ముగ్గురు ఒంటిని పట్టి, తల పట్టినవాడి మాట మీద దుంగలా పక్కకు దొర్లించాలి. కోసుకుపోయి నెత్తురు కారుతుంటే గుడ్డతో గాయం మీదే అదమాలి, మెడ చుట్టూ బిగించి కట్టరాదు. గుచ్చుకున్నదాన్ని పీకరాదు.

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా ఆవపల్లి చుట్టుపట్ల ఈ ప్రశ్న మరీ కఠినం. జీలుగు చెట్టో ఇప్పచెట్టో ఎక్కి జారినవాడు అడవి లోపలి పల్లెలో ఉంటే, అంబులెన్సు కోసం ఎదురుచూడటం వదిలేయడమే అవుతుంది. మంచానికి బొంగు కట్టి మోయక తప్పదు. నులక కుంగితే మెడా కుంగుతుంది కనుక కింద పలక పరచాలి, తలకు రెండు పక్కలా చుట్టిన బట్టలు ఒత్తిపెట్టాలి, ఒకరు తల వదలకుండా నడవాలి. రోడ్డెక్కాకా దారి చిన్నది కాదు: బీజాపూర్ నుంచి జగదల్‌పూర్ వైద్య కళాశాల ఆసుపత్రికే 150 కిలోమీటర్లకు పైగా ఉంటుంది.