గడియ ఊడిన సంగతి

మా పక్కింటి పెరటి తలుపు గడియ ఊడి వేలాడుతోంది. వాళ్ళు చూసుకున్నట్టు లేదు. డాబా మీద బట్టలారేస్తూ నేను మాత్రం నెలరోజులుగా చూస్తూనే ఉన్నాను. చెబితే "మా ఇంటి మీద ఈవిడకెందుకింత కన్ను?" అనుకుంటారేమోనని ఊరుకున్నాను. ఇరుగుపొరుగన్నాక ఆమాత్రం మర్యాద ఉండాలి కదా!

అది మర్యాదేనా అన్న అనుమానం మొన్న మా అమ్మాయి వల్ల వచ్చింది. కంప్యూటర్ ప్రోగ్రాముల్లో ఎక్కడెక్కడ చిల్లులున్నాయో చూడటం దాని ఉద్యోగం. నాకు చూపిద్దామని సీవీఈ-2021-44228 అని ఓ నంబరు కొట్టింది. రెప్పపాటులో తెరమీద జాతకమంతా ప్రత్యక్షం! ఆ లోపం ఏ ప్రోగ్రాములో ఉంది, దొంగ ఎలా దూరవచ్చు, మందు ఉందా లేదా, అన్నీనూ. ప్రమాదానికి మార్కులు కూడానట. దీనికి పదికి పది!

"ఏమిటే ఇది?" అన్నాను.

"లాగ్‌ఫోర్‌జే అని, జరిగిందల్లా చిట్టాలో రాసిపెట్టే చిన్న ప్రోగ్రామమ్మా. లెక్కలేనన్ని పెద్ద ప్రోగ్రాముల లోపల ఇది ఉంటుంది."

నాకర్థమైనంతవరకు సంగతి ఇదీ. వచ్చినవాళ్ళ మాటలు రాసుకోమని వాకిట్లో గుమాస్తాని కూర్చోబెట్టాం. ఒకడొచ్చి "బీరువా తెరు" అన్నాడు. గుమాస్తా ఆ మాట రాసుకుని ఊరుకోక లేచి వెళ్ళి బీరువా తెరిచేశాడు!

"ఇదంతా ఎవరైనా చూడొచ్చా?"

"ఎవరైనా."

"దొంగలు కూడానా?"

"వాళ్ళు మనకంటే ముందే చూస్తారమ్మా."

చెప్పొద్దూ, నా గుండె గుభేలుమంది. ఇంటి లోపాలు వీధిలో చాటింపు వేయడం ఏం ధర్మం?

ఈ తగాదా కొత్తదేం కాదట. 1851లో లండన్ ప్రదర్శనకు వచ్చిన హాబ్స్ అనే అమెరికా తాళాల నిపుణుడు, ఎవరూ తీయలేరని దశాబ్దాలుగా పేరుపడ్డ బ్రామా తాళాన్ని తీసి చూపించాడు. ఇది దొంగలకు పాఠం చెప్పడమేనని కొందరు దెబ్బలాడారు. దొంగలకెలాగూ తెలుసు, తెలియంది ఇంటివాడికేనని మరికొందరు.

అయితే చాటింపుకీ ఓ పద్ధతుంది. లోపం కనిపెట్టినవాళ్ళు సాధారణంగా ముందు ఆ ప్రోగ్రాము చేసినవాళ్ళ చెవిలో వేస్తారు. సరిచేసుకోవడానికి గడువిస్తారు. గూగుల్‌లో ఈ పనిచేసే ప్రాజెక్ట్ జీరో బృందం మామూలుగా 90 రోజులిస్తుంది. ఆ తర్వాతే నలుగురిలో మాట. మన అమ్మలక్కల కబుర్లకి ఇలాంటి గడువేదైనా ఉందా, మీరే చెప్పండి!

ఆ జాబితా 1999లో 321 లోపాలతో మొదలైంది. ఇప్పుడు రెండు లక్షలు దాటింది. 2024 ఒక్క సంవత్సరంలోనే సుమారు 40,000 చేరాయి. మనిషి కళ్ళతో చదివే పని కాదు గనుక ఆ పని యంత్రానికి అప్పగించారు. ఆఫీసు ప్రోగ్రాముల్లో ఏయే సరుకులు వాడారో అదే పట్టీ రాసుకుంటుంది, ఆ జాబితాతో సరిచూసి తేడా ఉన్నవాటిని బియ్యంలో రాళ్ళలా ఏరి ముందు పెడుతుంది.

"ఇంకేం, గొడవ వదిలింది" అన్నాను.

అది నవ్వింది. "చెప్పడం వరకే దాని పనమ్మా. చేయాల్సింది మనుషులు."

2017 సంగతి చెప్పింది. విండోస్‌లోని ఒక లోపానికి మార్చిలోనే మైక్రోసాఫ్ట్ మందు ఇచ్చింది. మే 12న వాన్నాక్రై అనే మాయదారి పురుగు ఆ చిల్లులోంచే ప్రపంచమంతా పాకింది. బ్రిటన్ ఆసుపత్రుల్లో వేలకొద్దీ అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. లోపం తెలుసు, మందూ ఉంది. వేసుకోవడానికే చాలామందికి తీరలేదు. తెలియక చేసిన తప్పుకి క్షమాపణ ఉంది. తెలిసి ఊరుకున్నదానికో? ఏ నర్సమ్మకి, ఏ రోగికి ఏమని చెప్పుకుంటాం?

ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. తెల్లారి పక్కింటికి వెళ్ళాను. ఊరికే లోపం చెప్పి రావడం బాగుండదని మందు కూడా పట్టుకెళ్ళాను. "వదినగారూ, రేపు మా ఇంటికి వడ్రంగి వస్తున్నాడు. మీ పెరటి గడియ కూడా చూడమననా?" అన్నాను.

ఆవిడ ఏమాత్రం నొచ్చుకోలేదు. "అయ్యో, నాకూ తెలుసండీ! నెల్లాళ్ళుగా రేపు రేపనుకుంటూనే ఉన్నాను" అని నవ్వేసింది.

తెలిసి తెలిసీ నెల్లాళ్ళా అని నోటిదాకా వచ్చింది. అంతలో చేతిలో ఫోను మోగింది. 'అప్‌డేట్ చేయమంటారా?' అని మూడు వారాలుగా రోజూ అడుగుతోంది పాపం. అలవాటుగా వేలు 'తర్వాత' మీదికే పోయింది.

వేలు వెనక్కి తీసుకుని, నోరు మూసుకుని ఇంటికొచ్చాను.