కనబడకపోవడం ఎప్పుడు లేకపోవడమవుతుంది?

ఒక వస్తువు కనబడలేదు కాబట్టి అది లేదని నిర్ణయించడం ఎంతవరకు సబబన్న ప్రశ్న భారతీయ దర్శనాల్లో చాలాకాలం నలిగింది. కుమారిల భట్టును అనుసరించిన మీమాంసకులూ, వారి తరువాత అద్వైతులూ, అభావాన్ని తెలుసుకోవడానికి అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణాన్ని అంగీకరించారు. అభావమంటే ఒకటి లేకపోవడం, ప్రమాణమంటే నిజమైన జ్ఞానాన్నిచ్చే సాధనం, అనుపలబ్ధి అంటే కనబడకపోవడం. తర్కసంగ్రహం రచించిన తెలుగు పండితుడు అన్నంభట్టు ఏ న్యాయ సంప్రదాయానికి చెందాడో ఆ సంప్రదాయం మాత్రం దీన్ని వేరే ప్రమాణంగా ఒప్పుకోక, అభావాన్నీ ప్రత్యక్షమే, అంటే ఇంద్రియాలతో కలిగే జ్ఞానమే, పట్టిస్తుందని వాదించింది. అయితే ఈ రెండు పక్షాలూ ఒక షరతు దగ్గర కలుస్తాయి: వస్తువు అక్కడే ఉండి ఉంటే తప్పక కనబడేదన్న పరిస్థితి ఉండాలి. దీనికే యోగ్యత అని పేరు. చీకటి గదిలో కుండ కనబడలేదంటే కుండ లేదని రుజువైనట్టు కాదు, వెలుతురు లేదని మాత్రమే తెలిసినట్టు.

ఈ షరతు విలువ నేడు శాస్త్రగ్రంథాల్లో కన్నా తహసీల్దారు కార్యాలయంలో ఎక్కువగా తేలుతుంది. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి అనే భూరికార్డుల పోర్టల్ మొదలైన తరువాత వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను, మ్యుటేషను రెండూ మండల కేంద్రానికే వచ్చాయి. 2024 డిసెంబరులో డేటాబేస్ వెర్షను మార్పు కోసం ఆ సేవలు కొద్ది రోజులు ఆగాయి. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి ఆరంభమైంది. జోగులాంబ గద్వాల జిల్లా ఇటిక్యాల మండలంలో పొలమున్న రైతు ఈ మార్పుల్లో దేన్నీ కంటితో చూడడు. అతని ఎదుట సర్వే నంబరు టైపు చేస్తారు, రికార్డు వస్తుంది లేదా రాదు. రానప్పుడు తెర మీద కనబడే సమాధానం అనుపలబ్ధి; దాన్ని అభావంగా చదవవచ్చా అన్నదే అసలు సంగతి.

డేటాబేస్ సర్వరు వెతికే తీరు తెలిస్తే ఈ సందేహం ఎంత న్యాయమైనదో బోధపడుతుంది. లక్షల వరుసలను మొదటినుంచి చివరిదాకా చదవడం ఆలస్యమని, సర్వరు వాటికి క్రమబద్ధమైన సూచికను, అంటే ఇండెక్సును, కట్టుకుని నేరుగా దాంట్లోకి వెళుతుంది. పోస్ట్‌గ్రెస్ వంటి సాఫ్ట్‌వేరు అక్షరాల క్రమాన్ని చాలాచోట్ల తాను నిర్ణయించుకోక, ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. (ధరణిలో ఏ సాఫ్ట్‌వేరు వాడారన్నది ఇక్కడ ప్రస్తుతం కాదు.) లినక్స్‌లో ఈ క్రమాన్ని చెప్పే జీలిబ్‌సీ అనే లైబ్రరీ 2018లో 2.28 వెర్షనుకు మారినప్పుడు క్రమం కూడా మారింది: అంతకుముందు అమెరికన్ ఇంగ్లిష్ అమరికలో 11 ముందు, 1-1 తరువాత వచ్చేవి, ఆ తరువాత 1-1 ముందుకొచ్చింది. తెలంగాణలో ఇంటి నంబర్లు చాలావరకు ఇలా అడ్డగీతలతోనే ఉంటాయి కనుక ఇది పరాయి ఉదాహరణ కాదు. పాత యంత్రంలో కట్టిన సూచికను ఉన్నదున్నట్టు కొత్త యంత్రానికి మోసుకుపోతే, సర్వరు కొత్త క్రమంతో పాత వరుసలో వెతికి, లేని చోట చూసి, లేదని జవాబిస్తుంది. వరుస మాత్రం డిస్కు మీద ఒక్క అక్షరం చెదరకుండా ఉంటుంది.

ఉన్నదాన్ని లేదనుకోవడం గుడి విషయంలోనూ జరగవచ్చు. ఇటిక్యాల ఉన్న జిల్లాలోనే అలంపురంలో జోగులాంబ ఆలయం పద్నాలుగో శతాబ్దంలో ధ్వంసమైందని చెబుతారు. అమ్మవారి విగ్రహం మాత్రం శతాబ్దాలపాటు పక్కనున్న బాలబ్రహ్మేశ్వరాలయంలో పూజలందుకుని, 2005లో కట్టిన కొత్త గుడికి చేరింది. పాత స్థలాన్ని మాత్రమే చూసినవాడు అమ్మవారు లేరనే అనుకుని ఉంటాడు.

అందువల్ల డేటాబేస్ అప్‌గ్రేడు భద్రంగా జరగడమంటే సమాచారం పోకుండా చూడడం ఒక్కటే కాదు, వెతుకులాటకు యోగ్యతను నిలబెట్టడం కూడా. ఆపరేటింగ్ సిస్టమ్ మారనప్పుడు పోస్ట్‌గ్రెస్‌లోని పీజీ_అప్‌గ్రేడ్ అనే పనిముట్టు ఫైళ్లను ఉన్నదున్నట్టు అందుకుని గంటల పనిని నిమిషాల్లో ముగిస్తుంది. మారినప్పుడు, ముఖ్యంగా విండోస్ నుంచి లినక్స్‌కు వెళ్లేటప్పుడు, సమాచారాన్ని మొత్తం డంపు తీసి కొత్తచోట తిరిగి ఎక్కించడమే మంచిది, ఎందుకంటే సూచికలు అక్కడి క్రమంలో కొత్తగా కట్టబడతాయి. డెబియన్ వంటి లినక్స్ వ్యవస్థల్లో పాత సర్వరు, కొత్త సర్వరు వేర్వేరు పోర్టుల మీద పక్కపక్కనే ఉండగలవు కనుక రెండింటినీ ఒకే ప్రశ్న అడిగి జవాబులు పోల్చవచ్చు. సూచికను పక్కనబెట్టి వరుసలన్నీ చదివించి చూడడం ఈ పరీక్షలో కీలకం. చీకటి గదిలో కుండ కోసం నైయాయికుడు, అంటే న్యాయ సంప్రదాయపు పండితుడు, దీపం తెమ్మనడం వంటిదే ఇది. బ్యాకప్పు ఉందన్న ధీమాతో ఈ పోలికను మానేయడం తరచుగా జరిగే పొరపాటు. వెతకలేని చోటికి చేరిన సమాచారాన్ని బ్యాకప్పు ఎత్తిచూపదు.

మీమాంసలోనే మరో శాఖ అయిన ప్రాభాకరులు ఈ మొత్తం చర్చను ఒక మెట్టు కిందికి దించుతారు. అభావమనే పదార్థం వేరే లేదనీ, ఉన్నది ఖాళీ నేల, దాని జ్ఞానమే అనీ వారి మతం. ఆ దృష్టితో చూస్తే తెర మీది జవాబు రైతు భూమి గురించి చెప్పేది ఏమీ లేదు, అది యంత్రం తన వెతుకులాట గురించి చెప్పుకున్న మాట. ఈ వాదం యంత్రానికి కుమారిలుని అనుచరుల వాదం కన్నా చక్కగా అతుకుతుంది. అయినా ఆ మాటను నమ్మి ఎవరో పని చేస్తారు: రికార్డు లేదనుకుని అదే నంబరుకు ఇంకొక వరుసను చేరుస్తారు, చెడిన సూచిక పాత వరుసను చూడలేదు గనుక దాన్ని అడ్డుకోదు. తరువాత ఎవరైనా తప్పు గ్రహించి సూచికను మళ్లీ కట్టబోతే, ఒక నంబరు ఒక్కసారే ఉండాలన్న నియమం భంగమైందని సర్వరు పని ఆపేస్తుంది. రెంటిలో ఏది నిలవాలో అది చెప్పదు. అప్పుడు పాత పహాణీలు, అంటే కాగితాల మీది భూరికార్డులు, తీసి చూడవలసిందే.