కరిగిన మైనంలో ఆశీర్వాదం మిగులుతుందా?

చర్చిలో ఆశీర్వదించిన కొవ్వొత్తిని ఇంటికి తెచ్చి ప్రార్థన వేళ వెలిగిస్తే, మైనం కారి గాజు బల్ల మీద గడ్డకడుతుంది. దాన్ని గీకి చెత్తబుట్టలో వేయవచ్చా, అందులో ఇంకా ఆశీర్వాదం ఉందా అన్న సందేహం భక్తిగల కతోలిక కుటుంబాలకు సహజంగా వచ్చేదే. ఆ సందేహం వెనక చాలా పాత ప్రశ్న ఒకటుంది: పవిత్రత వస్తువులోని పదార్థానిదా, దాని రూపానిదా, దాని వాడుకదా?

కొవ్వొత్తులను ఆశీర్వదించే ముఖ్యమైన రోజు ఫిబ్రవరి 2, బాలయేసును దేవాలయంలో సమర్పించిన పండుగ. ఆ బిడ్డను చేతుల్లోకి తీసుకున్న వృద్ధుడు సిమియోను అన్యజనులకు వెలుగుగా ఆయనను గుర్తించాడని లూకా సువార్త చెబుతుంది. అందుకే ఆ రోజు కొవ్వొత్తులు వెలిగించి ఊరేగింపుగా వెళ్తారు. మర్నాడు పునీత బ్లేజు స్మరణ దినాన రెండు కొవ్వొత్తులను అడ్డంగా కలిపి భక్తుల గొంతు దగ్గర ఉంచి ఆశీర్వదిస్తారు. ఈస్టరు జాగరణ రాత్రి వెలిగించే పాస్కా కొవ్వొత్తి మీద సిలువ, ఆ సంవత్సరపు అంకెలు ఉంటాయి; ఆ రాత్రి పాడే స్తుతిగీతం తేనెటీగల శ్రమను కూడా తలుచుకుంటుంది. ఫిబ్రవరి 11న ముగిసే విజయవాడ గుణదల ఉత్సవాలలోనూ యాత్రికులు మరియమాత ముందు కొవ్వొత్తులు వెలిగిస్తారు. వీటన్నిటిలో కొవ్వొత్తి పని ఒకటే, వెలగడం. వెలిగితే తరిగిపోతుంది. తరిగిపోవడానికే ఆశీర్వదించిన వస్తువు ఇది.

ఇక్కడ ఒక తేడాను స్పష్టంగా పట్టుకోవాలి. దివ్యసత్ప్రసాదంలో రొట్టె సారమే క్రీస్తు శరీరంగా మారుతుందని కతోలిక విశ్వాసం; ట్రెంట్ మహాసభ 1551లో దీన్ని ధ్రువీకరించింది. రొట్టె రూపం నిలిచి ఉన్నంతవరకు ఆ సాన్నిధ్యం ఉంటుందని మధ్యయుగ వేదాంతి థామస్ అక్వినాస్ వివరించాడు. అందువల్లే అప్పంలో చిన్న తునకను కూడా జాగ్రత్తగా ఏరుతారు, పాత్రలను కడిగిన నీటిని గురువు తాగుతాడు. కొవ్వొత్తి విషయంలో అలాంటి మార్పు జరిగిందని కతోలిక శ్రీసభ ఎన్నడూ చెప్పలేదు. మైనం మైనంగానే ఉంటుంది. ప్రార్థన దాన్ని ఒక పనికి కేటాయిస్తుంది, అంతే. ఈ రెంటినీ కలగలిపితే భక్తి ఉండాల్సిన చోట భయం చేరుతుంది, అది విశ్వాసికి మేలు చేయదు.

1917 నాటి శ్రీసభ న్యాయస్మృతి ఈ విషయంలో సూటిగా మాట్లాడింది. ఆశీర్వదించిన పూజాసామగ్రి తన రూపం పోగొట్టుకుని, అసలు పనికి పనికిరాకుండా పోతే ఆశీర్వాదాన్ని కోల్పోతుందని అందులో ఉంది. ఆ లెక్కన బల్ల మీద గడ్డకట్టిన మరక ఇక కొవ్వొత్తి కాదు. 1983 స్మృతిలోని 1171వ నిబంధన, ఆరాధనకు కేటాయించిన వస్తువులను గౌరవంగా చూడాలనీ, లౌకికమైన, తగని పనులకు వాడరాదనీ చెబుతుంది. ఆచారం చట్టం కన్నా ఇంకొంచెం ముందుకు నడిచింది. పాత పాస్కా కొవ్వొత్తుల మైనాన్ని కరిగించి, గొర్రెపిల్ల ముద్ర వేసిన బిళ్లలుగా పోతపోసి పోపులు శతాబ్దాల పాటు పంచిపెట్టారు. నిరుటి మట్టల ఆదివారపు మట్టలే కాలి విభూది బుధవారం నాటి బూడిద అవుతాయి. రూపం పోయినా ఒకనాడు చేసిన సేవకు కృతజ్ఞత మిగలవచ్చునని ఈ ఆచారాల భావం. ఈ ప్రశ్నకు అన్నిటికన్నా సరైన జవాబు అదే.

వాడుక ముగిసిన పవిత్ర వస్తువును గౌరవంగా సాగనంపడం ఇతర సంప్రదాయాల్లోనూ ఉంది. తెలుగు హిందువుల ఇళ్లలో వినాయకచవితి మట్టి విగ్రహానికి ముందు ఉద్వాసన చెప్పి, తర్వాతే నిమజ్జనం చేస్తారు. పూజలో వాడిన పూలను కాలు పడని చోట, చెట్టు మొదట్లో వేస్తారు. విగ్రహ పూజను మంత్రం చెప్పి ముగిస్తారు. కొవ్వొత్తికి ముగింపు మంత్రమేదీ లేదు, వెలిగి అయిపోవడమే ముగింపు. చాలా ప్రొటెస్టెంటు సంఘాలు వస్తువులను ఆశీర్వదించవు కనుక వారికి ఈ సందేహమే రాదు.

ఇక తీసే పద్ధతి. గాజు మైనాన్ని పీల్చుకోదు, చల్లబడిన మైనం కుంచించుకుపోతుంది. పాలిథిన్ కవర్లో మంచుముక్కలు వేసి మరక మీద కాసేపు ఉంచితే మైనం పెళుసెక్కుతుంది. అప్పుడు పాత ఏటీఎం కార్డు అంచుతో ఏటవాలుగా నెడితే పెచ్చులుగా లేచివస్తుంది. కత్తి వాడితే గీతలు పడవచ్చు. మిగిలిన పలచటి పొరను గోరువెచ్చని సబ్బునీటిలో తడిపిన గుడ్డతో తుడవాలి. మరిగే నీళ్లు పోస్తే గాజు పగిలే ప్రమాదముంది. మైనాన్ని సింకులోకి వదలకూడదు, అది మళ్లీ గడ్డకట్టి గొట్టాన్ని పూడ్చేస్తుంది. పెచ్చులను ఒక డబ్బాలో దాచి, సరిపడా పోగయ్యాక కరిగించి ఒత్తి వేస్తే మళ్లీ ప్రార్థన గదిలో వెలిగించుకోవచ్చు. అది కుదరనివారు వాటిని కాల్చవచ్చు, పెరట్లో పూడ్చవచ్చు.