లెక్కింపు ముగిసిన మర్నాడు



ఈసారి ఒహాయోలో నీ మొదటి ఓటు అని మీ నాన్న రాశాడు. ఎవరికి వేయాలో చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. అక్కడి ప్రచారంలో పెళ్లి, మతం, బడి పుస్తకాలు, వలసలు అంటూ రోజుకొక గొడవ లేస్తోందనీ, ఏది నిజమైన సమస్యో ఏది ఎరో తెలియడం లేదనీ అన్నావట. గొడవను చూసి అది తేల్చలేం, తల్లీ. ఓట్ల లెక్కింపు ముగిశాక నాయకుడు ఆ విషయాన్ని ఏం చేశాడో చూడాలి. నువ్వు పుట్టకముందు మీ రాష్ట్రంలోనే జరిగిన 2004 ఎన్నిక ఇందుకు మంచి పాఠం.

2003 నవంబరులో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం స్వలింగ జంటలకు పెళ్లి హక్కు ఉందని తీర్పు చెప్పింది. మరుసటి ఫిబ్రవరిలో అధ్యక్షుడు బుష్ దీన్ని ఆపడానికి దేశ రాజ్యాంగాన్నే సవరించాలన్నాడు. నవంబరు 2న అధ్యక్ష ఎన్నికతో పాటు 11 రాష్ట్రాల బ్యాలట్ల మీద అలాంటి పెళ్లిళ్లను నిషేధించే సవరణలు వచ్చాయి, పదకొండూ నెగ్గాయి. ఒహాయోలో దాదాపు 62 శాతం మంది అవునన్నారు. నిజానికి ఒహాయో శాసనసభ ఆ ఏడాది మొదట్లోనే ఆ పెళ్లిళ్లు చెల్లవని చట్టం చేసేసింది. చట్టాన్ని రేపు ఏ కోర్టో కొట్టేయవచ్చు, అందుకే రాజ్యాంగంలో రాయాలి అన్నారు సమర్థకులు. మసాచుసెట్స్ చూశాక ఆ భయం ఉత్తదని నేననను. కానీ అదే సమయంలో ఒహాయో నాలుగేళ్లలో సుమారు రెండు లక్షల ఫ్యాక్టరీ ఉద్యోగాలు పోగొట్టుకుని ఉంది. ఇరాక్‌లో చనిపోయిన అమెరికన్ సైనికుల సంఖ్య వెయ్యి దాటింది. కేంద్ర ప్రభుత్వపు లోటు 400 బిలియన్ డాలర్ల పైకి పోయింది. ఓటరు జీతాన్నీ కొడుకునీ తాకే ఈ మూడు విషయాలకు అధికారంలో ఉన్నవాడు జవాబు చెప్పాలి. పెళ్లి ప్రశ్నకు మాత్రం అతను జవాబు చెప్పక్కర్లేదు, ఎదుటివాడిని నిలదీస్తే చాలు. అందులోనే ఉంది దాని సౌకర్యమంతా.

ఇక మర్నాటి సంగతి. బుష్ ఒహాయోను లక్షా పద్దెనిమిది వేల చిల్లర ఓట్ల తేడాతో గెలిచాడు, దాంతో అధ్యక్ష పదవీ నిలిచింది. 2005 జనవరిలో ఒక పత్రికతో మాట్లాడుతూ, సెనేట్‌లో తగినంత మద్దతు లేదు గనుక పెళ్లి సవరణ కోసం గట్టిగా ఒత్తిడి తేనన్నట్టు చెప్పాడు. మాటగా దాన్ని వదల్లేదు, పనిగా వదిలాడు. తన బలమంతా సోషల్ సెక్యూరిటీ పింఛను సొమ్ములో కొంత ప్రైవేటు ఖాతాల్లోకి మళ్లించే పథకం మీద పెట్టి, ఊరూరా తిరిగాడు. ఎన్నికల్లో ఆ మాట అసలు ఎత్తలేదని కాదు. జనాన్ని చర్చి నుంచి పోలింగ్ బూత్‌కు నడిపించింది మాత్రం అది కాదు. పెళ్లిని కాపాడమని ఓటేసినవాళ్లు తమ పింఛనును కాపాడుకోవలసి వచ్చింది, కాపాడుకున్నారు కూడా. పెళ్లి సవరణ మళ్లీ సెనేట్ ముందుకు ఎప్పుడు వచ్చిందో తెలుసా? 2006 జూన్‌లో, మధ్యంతర ఎన్నికలకు అయిదు నెలల ముందు. 60 ఓట్లు కావలసిన చోట 49 వచ్చాయి. నెగ్గదని అందరికీ ముందే తెలుసు.

ఒహాయో సవరణలో రెండో వాక్యం ఒకటుంది. పెళ్లి కాని జంటల బంధానికి పెళ్లిని పోలిన చట్టబద్ధ హోదా ఏదీ ఇవ్వకూడదని దాని సారాంశం. అది అమల్లోకి రాగానే, కలిసి ఉంటున్న ఆడమనిషిని కొట్టిన కేసుల్లో ముద్దాయిల వకీళ్లు కొత్త వాదన ఎత్తుకున్నారు: వీళ్లకు పెళ్లి కాలేదు, గృహహింస చట్టం కింద ఆమెను జీవిత భాగస్వామిగా లెక్కిస్తే రాజ్యాంగ విరుద్ధం అని. కొన్ని కోర్టులు ఒప్పుకున్నాయి, కొన్ని ఒప్పుకోలేదు. 2007లో ఒహాయో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చేదాకా ఈ గందరగోళం నడిచింది. పెళ్లి పవిత్రతకని చెయ్యెత్తిన లక్షల మందిలో దెబ్బలు తిన్న ఆడదాని రక్షణ తీసేయాలనుకున్నవాళ్లు ఎవరుంటారు? ఉద్వేగంతో నడిచే ప్రచారం ఓటరు చేత తాను చదవని వాక్యానికి కూడా ముద్ర వేయిస్తుంది.

నువ్వు ఊరుకోవని తెలుసు. ఆ సవరణలే ఎన్నికను తిప్పాయని రుజువేదీ అంటావు. నిజమే, అవి బ్యాలట్ మీద లేని రాష్ట్రాల్లోనూ పోలింగ్ బాగా పెరిగిందని చూపిన పరిశోధకులున్నారు. ఓటేసి బయటికి వచ్చినవాళ్లను అడిగిన సర్వేలో ‘నైతిక విలువలే ముఖ్యం’ అన్న 22 శాతం ఓటర్లలో ఎవరి మనసులో ఏ విలువ ఉందో ఆ సర్వే చెప్పదు. కానీ ఎర పారిందా లేదా అన్నది వేరే ప్రశ్న. వేసినవాడి ఉద్దేశాన్ని తూచడానికి చేప పడనక్కర్లేదు. ఇదంతా ఒక పార్టీ తంతేనా అంటే, కానే కాదు. స్వలింగ వివాహాలను కేంద్రం గుర్తించకుండా చేసిన చట్టం మీద 1996 సెప్టెంబరులో, ఎన్నికలకు ఆరు వారాల ముందు, సంతకం పెట్టినవాడు డెమోక్రాట్ క్లింటన్. ఆ సంతకాన్ని గొప్పగా చెప్పుకుంటూ క్రైస్తవ రేడియోల్లో ప్రకటనలు ఇచ్చిందీ ఆయన ప్రచార బృందమే.

అసలు బలమైన అభ్యంతరం ఇంకొకటి. కూడు గుడ్డే నిజం, మిగతావన్నీ దృష్టి మళ్లింపు అనడం ఓటరును అవమానించడమే కదా? అవును, అవమానమే. ఆ మాట అనే మేధావుల మీద నాకూ చిరాకే. మసాచుసెట్స్ కోర్టుకెక్కిన జంటలకు అది బతుకు ప్రశ్న. దాన్ని వ్యతిరేకించిన భక్తుడికీ అది మనస్సాక్షి ప్రశ్నే. మన దగ్గర 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు, అది నీతి విషయమా, కూలి డబ్బుల విషయమా అని విడదీయగలిగేవాళ్లెవరు? వాళ్ల వెనక ముందుగా ఏ నాయకుడూ లేడు. నాయకులే వాళ్ల వెనక పరుగెత్తారు. 1993లో సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం హామీ ఇచ్చిన ఎన్టీ రామారావు ప్రమాణస్వీకారం రోజునే ఆ ఫైలు మీద సంతకం పెట్టాడు. ఖజానాకు అంత నష్టం మోయగలమా అన్నది వేరే చర్చ, 1997లో ఆ నిషేధం సడలిపోయింది కూడా. అయినా నేను చెప్పిన మర్నాటి పరీక్షలో ఆ సంతకం నిలుస్తుంది. చూశావా, ఈ పరీక్ష సమస్యకు కాదు, దాన్ని ఎత్తుకున్న మనిషికి.

కనుక ఈసారి వీసాల మీద, వలసల మీద ఎవరైనా గొంతు చించుకుంటే, అటువాడైనా ఇటువాడైనా, కిందటి పదవీకాలంలో ఆ విషయం మీద ఏ బిల్లు తెచ్చాడో, దాన్ని ఏ నెలలో తెచ్చాడో, ఏ నెలలో వదిలేశాడో చూడు. కాంగ్రెస్ రికార్డులన్నీ నీ ఫోన్‌లోనే దొరుకుతాయి, నాకంటే నీకే సులువు. బ్యాలట్ మీద ఏదైనా సవరణ ఉంటే దాని పూర్తి పాఠం మీ కౌంటీ ఎన్నికల బోర్డు దగ్గర అడుగు. మీ అమ్మ పేరు కూడా ఓటర్ల జాబితాలో ఉందో లేదో ఒకసారి సరిచూసుకోమని చెప్పు.

ఇట్లు
మీ పెదనాన్న